చింపేసిన తారీఖు

దేవిదాస్ మాట తక్కువ మనిషి. ఎడ్లతో మాట్లాడినంత కూడా తనతో మాట్లాడడని భార్య పోసవ్వ అంటుండేది. అలాంటివాడు నిజామాబాద్‌లో ఒక ఆడపిల్లల కాలేజీ గేటు పట్టుకొని అందరి ముందూ గొంతు చించుకున్నాడంటే నస్రుల్లాబాద్ దిక్కు ఊళ్ళలో చాలామంది నమ్మలేదు. ఆయన్ని అడిగితే చెప్పేరకం కాదు.

ఆయన కూతురు పల్లవి గ్రూపు పరీక్షకు చదివేది. అంతకుముందు ఒకసారి రాసింది. ఒక్క మార్కుతో పోయింది. ఆ మార్కు ఇంట్లో ఒక మనిషిలాగా తిరుగుతుండేది. అన్నానికి కూర్చుంటే వచ్చి పక్కన కూర్చునేది. ఆ ఏడు మళ్ళీ పరీక్ష పడగానే పల్లవి చెప్పేసింది.

“ఇదే ఆఖరు బాపూ. ఈసారి గాకుంటే పిట్లంల ప్రైవేటు బళ్ళె చేరుత. మళ్ళ పుస్తకం ముట్ట.”

“ఊఁ” అన్నాడు దేవిదాస్. కూతురు చెప్పిందంటే చేస్తుందని ఆయనకు తెలుసు. ఆ మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా తెలుసు.

చరిత్ర, లెక్కలు, భూగోళం అన్నీ పుస్తకాల్లో ఉంటాయి. కొనుక్కుంటే దొరుకుతాయి. వర్తమాన వ్యవహారాలు మాత్రం పుస్తకంలో ఉండవు. అవి రోజూ పొద్దున నిజామాబాద్ బస్సు మీద పేపర్ల కట్టలో బాన్సువాడ బస్టాండులో దిగుతాయి. లైబ్రరీకి వచ్చే పేపరు మీద పొద్దున్నే పదిమంది పడేవాళ్ళు. ఒకరు ఆటల పేజీ లాగితే ఇంకొకరికి అది అందేసరికి మధ్యాహ్నం. ఈ బాధ పడలేక ముగ్గురు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు. పల్లవి, తండా నుంచి వచ్చే భిక్యా, క్యాంపు నుంచి వచ్చే గోపీచంద్.

కాలువ కింద నీళ్ళు వంతుల ప్రకారం పారించుకున్నట్టే వీళ్ళు వార్తలను వంతులేసుకున్నారు. ఆటలు, బహుమతులు భిక్యావి. పరాయి దేశాలు, ఢిల్లీ సంగతులు గోపీచంద్‌వి. బడ్జెట్, పన్నులు, పైసల లెక్కలన్నీ పల్లవివి. ఎవరి వంతు వాళ్ళు చదివి, లైబ్రరీ వరండాలో నిలబడి మిగతా ఇద్దరికీ నోటితో అప్పజెప్పాలి. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టకూడదు. చెప్పింది చెప్పినట్టు నమ్మాలి.

“నమ్మకుంట ముగ్గురం అన్నీ సదివితె ఇగ పంచుకున్నదెందుకు?” అనేది పల్లవి.

దేవిదాస్ పొద్దున్నే హోటళ్ళకు పాలు పోసి, కూతుర్ని మోపెడ్ మీద లైబ్రరీ దగ్గర దింపి, ఆ అప్పజెప్పుడు అయ్యేదాకా మెట్టు మీద కూర్చునేవాడు. అర్థమైంది తక్కువ. కానీ కూతురు గొంతు విప్పి చెబుతుంటే ఇద్దరు మగపిల్లలు నోరు మూసుకొని వినడం ఆయనకు బాగుండేది.

అంతా సాఫీగా పోతుండగా యాసంగి పంట నీళ్ళ దగ్గర తకరారు వచ్చింది.

క్యాంపు అంటే కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ళ ఊరు. గోపీచంద్ తండ్రి హరనాథబాబుది అక్కడే ఇల్లు. ఆయన పొలం పైన, దేవిదాస్ పొలం కింద. ఇద్దరికీ తూము ఒక్కటే. ఒకరోజు దేవిదాస్ వంతుకు మడిలోకి నీళ్ళు రాలేదు. కాలువ వెంబడి పోయి చూస్తే తూముకు అడ్డంగా ఒక చెక్క దిగేసి ఉంది. నీళ్ళన్నీ పైపొలంలోకి పోతున్నాయి. దేవిదాస్ గడ్డపార తీసుకొని చెక్కను రెండు ముక్కలు చేశాడు. హరనాథబాబు ఉరికొచ్చి, పాలేరు తెలియక వేశాడండీ అన్నాడు. దేవిదాస్ వినకుండా వచ్చేశాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటలు బంద్.

“ఆ పిలగానితోని ఇగ నీకు మాటలద్దు” అన్నాడు కూతురితో.

“నీళ్ళ పంచాతి తూము కాడ బాపూ. లైబ్రరీల తూములు లేవు” అంది పల్లవి.

బడ్జెట్ వచ్చిన మర్నాడు ఎవరో బంద్ పిలిచారు. బస్సులు కదల్లేదు, పేపరు రాలేదు. తర్వాత రెండు రోజుల పేపర్లూ కలిపి వచ్చాయి గానీ, లైబ్రరీ చూసుకునే ముత్యం కట్ట విప్పి మూలన పెట్టి చాయ్ తాగి వచ్చేలోపు ఎవరో బ్లేడుతో బడ్జెట్ పేజీ కోసుకుపోయారు.

“ఎవడో దొంగముండాకొడుకు. సదువుకునెటోనికి బుద్ధి గిట్ల పుడ్తదా?” అని ముత్యం తలకొట్టుకున్నాడు.

పల్లవి వరండాలో స్తంభానికి ఆనుకొని నిలబడింది. ఆ వంతు ఆమెది. రేపు ఇద్దరికీ ఏం చెబుతుంది? దేవిదాస్ కూతురి మొహం చూసి లేచాడు.

“నేను తెస్త” అన్నాడు.

ఆయనకు ఆనవాలు తెలుసు. పాలు పోసే హోటల్లో టీవీలో చూశాడు. మంత్రి చేతిలో పెట్టె పట్టుకొని నవ్వుతూ నిలబడి ఉంటాడు. బజారులో నాలుగు దుకాణాలు తిరిగి చివరకు మిర్చీబజ్జీలు వేసే పార్వతీబాయి దగ్గర ఆగాడు. పొట్లాలు కట్టడానికి ఆమె పక్కన పాత కాగితాల కుప్ప. అందులో మంత్రి నవ్వుతున్నాడు, చేతిలో పెట్టె ఉంది.

“అవ్వా, గా కాగితం నాకియ్యి.”

“మిర్చీలు గొనకుంట కాగితమడిగెటోన్ని నిన్నే జూస్తున్న” అంది పార్వతీబాయి. అయినా ఇచ్చింది.

సగం కాగితమే అది. మంత్రి బొమ్మ కింద పెద్ద గుండ్రం గీసి, జొన్నరొట్టెను తుంపినట్టు ముక్కలు చేశారు. రూపాయి ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది, దేనికెన్ని పైసలు, అన్నీ ముక్క ముక్కకూ రాసి ఉన్నాయి. పక్కన ధరలు పెరిగేవి, తగ్గేవి. పై అంచు మాత్రం బజ్జీల నూనెతో తడిసి ముద్దయింది. కూతురి చేతికి నూనె అంటుతుందని దేవిదాస్ కాగితాన్ని మోకాలి మీద పెట్టి, అంచు మడిచి, గోటితో గీసి, ఆ పట్టీ వరకు శుభ్రంగా చింపి మోరీలో పడేశాడు. దాని మీద సన్నటి అక్షరాలు ఏవో ఉన్నాయి. ఆయన చదువు మూడో తరగతి. కూడబలుక్కుంటే చదవగలడు. చదవాలని తోచలేదు.

“గిది నీకేడ దొరికింది బాపూ!” అని పల్లవి కళ్ళు విప్పార్చింది. మర్నాడు వరండాలో నిలబడి ఆ గుండ్రంలోని ముక్కలన్నీ తడుముకోకుండా అప్పజెప్పింది. గోపీచంద్, భిక్యా రెండు రెండుసార్లు పలికి కంఠతా పట్టారు. మెట్టు మీద కూర్చున్న దేవిదాస్ ఆ రోజు వీపు నిటారుగా పెట్టుకొని కూర్చున్నాడు. ఇందులో తన చెయ్యి కూడా ఒకటి పడింది.

పరీక్ష ఎండలు ముదిరాక పడింది. ముగ్గురికీ సెంటరు నిజామాబాదే, కానీ తలా ఒక దిక్కు. గోపీచంద్ ముందు రోజే వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళిపోయాడు. పల్లవి, దేవిదాస్, భిక్యా మొదటి బస్సు పట్టుకున్నారు. పల్లవి కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతూ కూర్చుంది. దేవిదాస్ ఆమె దిక్కు చూసి, చూడనట్టు కిటికీ దిక్కు తిరిగాడు.

“కాకా, అక్క ఆఫీసరైతె నన్ను జీపు డ్రైవరుగ పెట్టిచ్చు” అన్నాడు భిక్యా ముందు సీటు మీది నుంచి తిరిగి.

“నువ్వు గూడ రాస్తున్నవ్ గదరా?”

“రాస్తున్న. గని నా తలకాయల ఆటలు తప్ప ఇంకేం ఆగుత లేవు. అక్క చెప్పిన రూపాయి ఒక్కటి మాత్రం గట్టిగ కూసున్నది. అది గిన వచ్చిందనుకో, కండ్లు మూస్కొని గీకుత.”

భిక్యా తన సెంటరు రాగానే దారిలోనే దిగిపోయాడు. ఆడపిల్లల కాలేజీ గేటు ముందు పల్లవి హాల్‌టికెట్ చూపించి లోపలికి పోయింది. లోపలికి పోయినవాళ్ళు మళ్ళీ బయటికి రాకూడదు. గేటు లోపలి వాకిలి దాటి, అవతల వరండాలో బోర్డు మీద అతికించిన నంబర్లు వెతుక్కుంటున్న ఆడపిల్లల్లో పల్లవి నీలం ఓణీ కనబడుతోంది. దేవిదాస్ ఆమె టిఫిను డబ్బా పట్టుకొని గేటు పక్కన నిలబడ్డాడు.

అప్పుడు వచ్చాడు గోపీచంద్. సైకిలు గోడకేసి పడేసి, చొక్కా అంతా తడిసిపోయి, నేరుగా ఆయన మీదికే వచ్చాడు.

“పల్లవి లోపలికెళ్ళిపోయిందాండీ?”

“నీకేం పని?”

“ఆ బడ్జెట్ కాగితం ఎక్కడిదండీ? ఆమె చెప్పిన లెక్కలన్నీ తప్పు. అవి పోయినేడాదివి.”

దేవిదాస్ ఆ పిల్లవాడి మొహం కేసి చూశాడు. హరనాథబాబు ముక్కే. తూము దగ్గర చెక్క గుర్తుకొచ్చింది.

“పరీక్ష గంట కొట్టెటప్పుడు వచ్చి లెక్కలు తప్పని జెప్తున్నవా? పోరి మనసు చెడగొడ్తందుకు మీ నాయిన తోలిండా?”

“మా నాన్నకి ఇది తెలియదు. మీరే నా చేత తప్పు రాయించాలని ఆమెతో చెప్పించారేమోనని నేను అనుకున్నా.”

“నోరు జారకు!”

“నిన్న రాత్రి నుంచీ అదే అనుకుంటున్నాను” అన్నాడు గోపీచంద్. “పొద్దున లేచాక ఇంకోటి తోచింది. కావాలని చెప్పిందంటే సరే. తెలియక చెప్పి ఉంటే? లోపలికెళ్ళి ఆమె కూడా అదే రాస్తుంది కదండీ. మళ్ళీ ఒక్క మార్కు దగ్గర పోతుంది.”

జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. పిన్ని వాళ్ళింట్లో అల్మరాలో పరిచి ఉందట. దేవిదాస్ విప్పాడు. మంత్రి అదే నవ్వు నవ్వుతున్నాడు. చేతిలో పెట్టె ఉంది. కింద అదే గుండ్రం, అవే ముక్కలు. ఒక్క క్షణం ఆయనకు ధైర్యం వచ్చింది. ఇది అదే కాగితం, ఈ పిల్లవాడు కతలు చెబుతున్నాడు.

కానీ ముక్కల కొలతలు తేడాగా ఉన్నాయి. ఆయన వేలు మెల్లగా పైకి పోయింది. ఈ కాగితానికి పై అంచు ఉంది. సన్నటి అక్షరాలున్నాయి. దేవిదాస్ పెదవులు కదుపుతూ కూడబలుక్కున్నాడు. తేదీ. నెల. సంవత్సరం. ఈ ఏటిది.

మోరీలో పడి నీళ్ళలో తిరుగుతూ పోయిన నూనె పట్టీ కళ్ళ ముందుకొచ్చింది. మంత్రి ఏటేటా అదే పెట్టె పట్టుకుంటాడని తనకెట్లా తెలుస్తుంది?

ఊరుకుంటే ఈ పిల్లవాడు పల్లవి కావాలనే చేసిందనుకుంటాడు, అనుకోనీ. ఆ మాట నోటి దాకా రాలేదు గానీ మనసులో ఒకసారి మెదిలింది. నీలం ఓణీ బోర్డు దగ్గర్నుంచి కదులుతోంది.

“కాగితం తెచ్చింది నేను” అన్నాడు దేవిదాస్. “మిర్చీల దుకాణంల. తారీఖు నేనే చింపిన. పోరికి ఎరుకలేదు.”

గోపీచంద్ ఆయన చేతిలోంచి కాగితం తీసుకున్నాడు.

లోపల మొదటి గంట కొట్టారు. గోపీచంద్ కాగితం ఊపుతూ గేటు మీదికి పోయాడు. “కాగితాల్ గీగితాల్ లోపటికి పోవు. ఆడపిల్లల సెంటరు, దూరం జరుగు” అని వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

“పిల్లను ఒక్కసారి పిలువు” అన్నాడు దేవిదాస్.

“పిలిచెటోన్ని గాదు, గేటు మూసెటోన్ని.”

దేవిదాస్ టిఫిను డబ్బా కింద పెట్టాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. రెండు పొలాల అవతల ఉన్న మనిషికి నీళ్ళొస్తున్నాయని చెప్పడానికి కాలువగట్టు మీద నిలబడి ఎట్లా పిలుస్తారో అట్లా పిలిచాడు.

“ఓ...! పల్లవీ... ఓ...!”

వరండా అంతా ఆగిపోయింది. పల్లవి వెనక్కి తిరిగింది. తండ్రి గొంతు అంత పెద్దగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఎవరో చచ్చిపోయారనుకొని ఉరికొస్తుంటే లోపలి కానిస్టేబుల్ వాకిలి నడుమ ఆపేసింది.

“నేను తెచ్చిన కాగితం పోయినేడుది బిడ్డా! గా రూపాయి ఇడిసిపెట్టు! గిది పట్టుకో!”

గోపీచంద్ చెవిలో ఒక్కొక్క ముక్క చెప్పాడు. అప్పులకెన్ని పైసలు, వడ్డీలకెన్ని, రక్షణకెన్ని, రాష్ట్రాల వాటా ఎంత. దేవిదాస్ ఆ అంకెను ఎత్తుకొని వాకిలి అవతలికి విసిరాడు. ఒకటి అయ్యాక ఇంకొకటి. ధర పెరిగేవి, తగ్గేవి. ఆడపిల్లలు కొందరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. అందరి పెదవులూ కదలడం మొదలుపెట్టాయి.

పల్లవి మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

“ఎవలు జెప్పిండ్రు బాపూ?” అని అరిచింది.

దేవిదాస్ గోపీచంద్ దిక్కు చూశాడు. ఆ పిల్లవాడితో మాటలు వద్దన్నది తనే.

“గోపి జెప్పిండు! నేను తారీఖు సదివిన! నిజం!”

పల్లవి రెండు క్షణాలు గేటు దిక్కే చూసింది. తల ఊపింది. కానిస్టేబుల్ ఆమె భుజం పట్టి లోపలికి తిప్పింది. గేటు మూసుకుంది.

ఈ పిల్లవాడికీ పరీక్ష ఉందని అప్పుడు దేవిదాస్‌కు తోచింది.

“నీ సెంటరేడ?”

“రైలు గేటు అవతల.” గోపీచంద్ అప్పటికే సైకిలు లేపుతున్నాడు.

“నేనొస్త పా. గేటు పడ్డదంటె సైకిలెవలు పట్టుకుంటరు?”

టిఫిను డబ్బా అందుకొని దేవిదాస్ వెనక ఎక్కాడు, గోపీచంద్ నిలబడి తొక్కాడు. బజారంతా అడ్డం. బండ్లు, ఆటోలు, ఒక పెళ్ళి బ్యాండు. దేవిదాస్ వెనక నుంచి “జరుగుండ్రి, జరుగుండ్రి” అని అరుస్తూనే ఉన్నాడు. ఒకసారి తెరుచుకున్న గొంతు ఇక మూతపడలేదు. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి కడ్డీ దిగిపోయింది. గూడ్సు బండి కూత దగ్గర్లోనే వినబడుతోంది.

“ఇయ్యిటు” అని దేవిదాస్ సైకిలు లాక్కున్నాడు. గోపీచంద్ అటూ ఇటూ చూసి, కడ్డీ కింద వంగి, పట్టాలు దాటి ఉరికాడు. ఆ వెంటనే బండి వచ్చి ఇద్దరి మధ్య అడ్డం పడింది.

పెట్టె వెనక పెట్టె. అది ఎంతకూ తెగలేదు. పెట్టెల సందుల్లోంచి అవతల ఒక తెల్లచొక్కా కనబడి మాయమైంది, మళ్ళీ కనబడలేదు. బండి పోయి కడ్డీ లేచాక దేవిదాస్ సైకిలు నడిపించుకుంటూ గోపీచంద్ పరీక్ష రాసే కాలేజీ దగ్గరికి పోయాడు. గేటు మూసి ఉంది. బయట ఎవరూ లేరు.

“ఒక పిలగాడు ఉరికొచ్చిండా? తెల్లంగి?”

“వచ్చినోళ్ళు వచ్చిండ్రు, రానోళ్ళు పోయిండ్రు. నాకేమెరుక?” అన్నాడు అక్కడి వాచ్‌మన్.

లోపలికి పోయాడా, తిట్లు తిని ఏ సందులోనో కూర్చొని ఏడుస్తున్నాడా? దేవిదాస్ కదల్లేదు. గోడ నీడ జరిగిపోయింది. ఎండలోనే నిలబడ్డాడు. కూతురి గేటు దగ్గర ఉండాల్సిన మనిషి ఇక్కడ హరనాథబాబు కొడుకు సైకిలు కాస్తున్నాడు. కూతురు ఏం రాస్తుందో అనే భయం ఒకటి, ఈ పిల్లవాడు ఏమయ్యాడో అనేది ఇంకొకటి.

పరీక్ష విడిచిపెట్టాక పిల్లలు గుంపుగా వచ్చారు. గుంపు పలచబడింది. గోపీచంద్ అందరికంటే చివర వచ్చాడు. సైకిలును, దాన్ని పట్టుకున్న మనిషిని చూసి ఆగిపోయాడు.

“ఇంకా ఇక్కడే ఉన్నారా బాబాయ్?”

“రానిచ్చిండ్రా?”

“తిట్టారు. రానిచ్చారు. కొంచెం టైం పోయింది, చివర్లో కొన్ని వదిలేశాను.”

“రూపాయి వచ్చిందా?”

“వచ్చింది” అన్నాడు గోపీచంద్. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు మొహం మాడ్చుకున్నాడు. “భిక్యాకే చెప్పలేకపోయాను. వాడి సెంటరు ఇంకో చివర. ఇద్దరి దగ్గరికీ వెళ్ళే వ్యవధి లేదు.”

దేవిదాస్‌కు బస్సులో భిక్యా కండ్లు మూస్కొని గీకుత అన్న మాట చెవిలో మోగింది. టిఫిను డబ్బా గోపీచంద్ చేతిలో పెట్టాడు.

“తిను. మీ నాయినకు జెప్పు. ఆ చెక్క నేనిరగ్గొట్టిన. వంతు ప్రకారం ఎత్తి దింపుకుందం, టేకుది నేనే ఏయిస్త.”

అప్పుడే ఆటో దిగింది పల్లవి. గేటు దగ్గర తండ్రి లేక, సైకిలు మీద పోయారని వాచ్‌మన్ చెబితే గోపీచంద్ సెంటరు వెతుక్కుంటూ వచ్చింది.

“నా పేరు పెట్టి గంతమంది ముంగట ఒర్లుతవా బాపూ? నా ఎనుకున్న పిల్ల పరీక్షల నన్ను గోకి, మీ నాయిన వడ్డీలకు ఎన్నన్నడే అని అడిగింది!” అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. గోపీచంద్ చేతిలో తన డబ్బా చూసి, “నాకు గూడ ఉంచు” అంది.

ఫలితాలు వానాకాలం నాట్లప్పుడు వచ్చాయి. లైబ్రరీలో ముత్యం పేపరు ఎవరికీ ఇవ్వకుండా తనే పట్టుకొని నంబర్లు చదివాడు. పల్లవి నంబరు ఉంది. కాసేపటికి గోపీచంద్‌ది కూడా వచ్చింది. భిక్యాది రెండుసార్లు వెతికినా దొరకలేదు.

“నా సెంటరు కాడ గూడ ఒకసారి ఒర్లితె నీ సొమ్మేం పోతుండె కాకా?” అన్నాడు భిక్యా నవ్వుతూ. అందరూ నవ్వారు. భిక్యా మాత్రం నవ్వు అయిపోగానే వరండా దిగి, చెప్పులు వేసుకొని, చాలాసేపు ఆ చెప్పుల దిక్కే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున దేవిదాస్ పాలు పోయకముందే బస్టాండుకు పోయాడు. నిజామాబాద్ బస్సు మీది నుంచి కట్ట దిగగానే పేపరు ఒకటి కొన్నాడు. మోపెడ్ సీటు మీద పరిచి, పై అంచు మీద వేలు పెట్టి, తేదీ, నెల, సంవత్సరం కూడబలుక్కొని చదివాడు. ఆ పక్కనే ఉన్న కండక్టరును అడిగి ఆ రోజు తారీఖు ఇదేనని తేల్చుకున్నాడు. తర్వాత పేపరు మడిచి పాలక్యాన్ల మధ్య పెట్టుకొని తండా దారి పట్టాడు.

భిక్యా గుడిసె ముందు పళ్ళు తోముకుంటున్నాడు.

“ఇయ్యాల్టిదే” అన్నాడు దేవిదాస్, పేపరు అతని చేతిలో పెట్టి. “నేను సదివిన.”